మాజీ అమ్మాయి

"ఇరవైమంది అనుకున్నాంగానీ ఇంకా ఎక్కువే రావచ్చు. దానికి తగ్గట్టు చూసుకో," అని ఉల్లిపాయలు తరుగుతున్న భార్యతో చెప్పి ఆయన మేడమెట్లు ఎక్కేశాడు.

'చూసుకో' అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పుకోరు. పక్కింటివాళ్ళని అడిగి కుర్చీలు తేవాలి, మేడ ఊడ్చాలి, నీళ్ళు పైకి మోయాలి. వచ్చినవాళ్ళలో చక్కెర వేసుకోనివాళ్ళెవరో, కారం తినలేనివాళ్ళెవరో గుర్తుపెట్టుకోవాలి. అందరూ మెచ్చుకున్నప్పుడు "అబ్బే, ఏముందండీ" అనాలి. ఇదంతా ఆ ఒక్క మాటలో పడుతుంది. ఆవిడ తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, కళ్ళు భుజానికి తుడుచుకుంది. ఉల్లిపాయలు మంచివి, ఎప్పుడు ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు.

ఆ సాయంత్రం ఒక ఉపగ్రహానికి వీడ్కోలు. పెద్దదేం కాదు, బూట్ల అట్టపెట్టె కన్నా చిన్నది. రేడియో సరదా ఉన్నవాళ్ళు నలుగురూ చేతులు కలిపి చేసుకున్నది. జీతం కోసం కాకుండా ఇష్టం కొద్దీ సెట్లు కట్టుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఒకరితో ఒకరు గాలిలో మాట్లాడుకునే మనుషులు వాళ్ళు. క్లబ్బులో దాన్ని ముద్దుగా డబ్బా అనేవారు. ఇక్కడినుంచి పంపిన మాటని అందుకుని, దూరాన ఉన్న ఇంకొకరికి వినిపించడమే దాని పని. ఆకాశంలో ఒక అంచున తేలి మరో అంచున మునిగేదాకా, ఆ కాసిన్ని నిమిషాలే మాటలకి అవకాశం. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఎండ తగిలినంతసేపే పలికేది. అయినా ఇన్నేళ్ళు పలికింది. ఇప్పుడు తిరిగి తిరిగి కిందికి జారిపోయింది. ఇవాళ సాయంత్రం తలమీదుగా వెళ్ళేదే ఆఖరుసారి, రేపటికి గాలి రాపిడికి కాలిపోతుందని లెక్కలు కట్టారు.

క్లబ్బు అధ్యక్షుడు ఆవిడ భర్తే. అందుకని వీడ్కోలు వాళ్ళ మేడ మీద పెట్టారు. అందుకని ఉల్లిపాయలు.

నిజానికి ఆ ఇంట్లో మొదట లైసెన్సు తెచ్చుకున్నది ఆవిడ. చదువుకునే రోజుల్లోనే చుక్కలూ గీతలూ ఉన్న మోర్స్ భాష పట్టుబడింది. వేళ్ళు ఊరికే ఉండేవి కావు, బస్సు కిటికీ మీద, పుస్తకం అట్ట మీద కొడుతూనే ఉండేవి. ఆయన క్లబ్బులో చేరింది తర్వాత. ఆయనకి మోర్స్ నేర్పింది ఆవిడే. ఆయన నత్తనడక దాటలేదు. కానీ ఆవిడ చెవికి ముచ్చటపడిపోయాడు. హోరులో కూరుకుపోయిన గొంతుని కూడా పట్టుకుని, సెట్టు మీద మీట అర వెంట్రుక తిప్పి మనిషిగా చేసి కూర్చోబెట్టేది. "నీలాంటి చెవి ఎవరికీ లేదు" అన్నాడు. ఆ మాటకే పడిపోయింది ఆ పిల్ల. ఆ చెవి తర్వాత కుక్కరు కూతలు లెక్కపెట్టడానికీ, మంచంలోంచి అత్తగారి మూలుగు పసిగట్టడానికీ బాగా పనికొచ్చింది.

రేడియోవాళ్ళకి సొంత పరిభాష ఒకటుంది. మగవాడు ఎవరైనా సరే, మీసం రానివాడైనా, 'ముసలాయన' అంటారు, గౌరవంగా. ఆడవాళ్ళయితే వైఎల్, అంటే అమ్మాయి. పెళ్ళాన్ని మాత్రం ఎక్స్‌వైఎల్ అంటారు. అంటే మాజీ అమ్మాయి. ఆవిడ పెళ్ళిరోజున అప్పటి అధ్యక్షుడు మైకు పుచ్చుకుని, "నిన్నటిదాకా మా వైఎల్, ఈ పూటనుంచి ఎక్స్‌వైఎల్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, అందరికన్నా గట్టిగా. పదవి దిగిపోయిన మంత్రిని అన్నట్టుగా తనని మాజీ అంటున్నారనీ, పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకు మాత్రం ఎప్పటికీ ముసలాయనగానే ఉంటాడనీ అప్పుడు తట్టలేదు.

డబ్బా కట్టేనాటికి కూతురు ఒళ్ళో పిల్ల. డబ్బాకి యాంటెన్నా రేకులు చేసే పని ఆవిడ తీసుకుంది. వడ్రంగులు కొలిచే ఉక్కు టేపుని ముక్కలుగా కోసి, అంచులు రాకి, ముడిస్తే ముడుచుకుని వదిలితే టప్పున విచ్చుకునేట్టు భోజనాల బల్ల మీద కుదిర్చింది. పిల్లకి ఒక చేత్తో పాలసీసా పట్టి, రెండో చేత్తో ఆకురాయి పట్టిన రోజులున్నాయి. ఫోటో తీసేనాడు పిల్లకి జ్వరం. ఫోటోలో ఆయనున్నాడు, డబ్బాని రెండు చేతుల్లో ఎత్తుకుని, తనే కన్నట్టు.

అది పైకెళ్ళిన మొదటి ఏడాది ఆవిడ బతుకులో మంచి ఏడాది. పొద్దునా సాయంత్రం పిల్లని చంకనేసుకుని మేడెక్కేది. అప్పుడే దొరికింది మిషనమ్మ. ఎక్కడో దూరపు ఊళ్ళో బట్టలు కుట్టుకునే ఆవిడ, వయసులో చాలా పెద్దది. పేరడిగితే, "పేరెందుకులే పిల్లా, ఊరంతా మిషనమ్మ అంటారు. మా ఆయన పోయాక ఇంట్లో రెండు మిషన్లు మిగిలాయి. ఒకటి కుట్టేది, ఒకటి మాట్లాడేది. రెండోది కూడా నేర్చేసుకున్నా" అంది. వాళ్ళ మాటలకి ఒక వరస ఉండేది కాదు. పిల్లకి పళ్ళొచ్చాయా, వాన పడిందా, ఆఫీసులో ఎవరేమన్నారు. ఒకసారి ఈవిడ విసిగిపోయి ఏదో చెప్పుకుంటే, "కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదిలిపెడతాం పిల్లా, రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి. నువ్వేమో అంచుదాకా కత్తిరించి అందరికీ ఇచ్చేస్తున్నావు" అంది మిషనమ్మ. డబ్బా మునిగిపోయే చివరి క్షణాల్లో మాట అందనప్పుడు, మిషనమ్మ 'కీ' అనే చిన్న మీట మీద మోర్స్ కొట్టి వీడ్కోలు చెప్పేది. ఒక్కొక్కరి చేతికి ఒక నడక ఉంటుంది. ఆవిడది కాలితో కుట్టుమిషను తొక్కే నడక. ఆగి ఆగి, ఒక్కసారిగా పరుగెత్తి, మళ్ళీ ఆగేది. ఫోను నంబరు అడగాలని ఇద్దరికీ తోచలేదు. రేపు మళ్ళీ వస్తుందిగా డబ్బా, అనుకునేవారు.

తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది. మంచం హాల్లో వేశారు. కాలూ చెయ్యీ పడిపోయినా నోరు పడిపోలేదు. "మేడమీద ఆడమనిషి గొంతు వీధి చివరిదాకా వినపడుతోంది, బాగుంటుందా" అనేది. డబ్బా వచ్చే వేళలు కూడా పగబట్టినట్టు పొద్దుటి వంటకీ సాయంత్రం టీలకీ సరిగ్గా అడ్డం వచ్చేవి. మొదట్లో ఒక పూట ఈవిడ, ఒక పూట ఆయన అనుకున్నారు. ఈవిడ పూట వచ్చేసరికి ఆయన, "కూర మాడిపోతుంది, డబ్బాదేముంది, రేపైనా వస్తుంది" అనేవాడు. తన పూట వచ్చేసరికి, "డబ్బా ఆగదు, కూరదేముంది, ఓ పది నిమిషాలు ఆగుతుంది" అనేవాడు. అదే డబ్బా, అదే కూర. ఆవిడకి లెక్కలు బాగానే వచ్చు. అయినా ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

లైసెన్సు గడువు తీరినప్పుడు ఆయన తనది పొడిగించుకుంటూ అడిగాడు, నీది కూడా పంపనా, ఎలాగూ వాడట్లేదుగా అని. ఆవిడ గిన్నెలు తోముతోంది. "వద్దులెండి" అంది. ఎవరూ లాక్కోలేదు, ఎవరూ కసురుకోలేదు. తన నోటితో తనే అంది. తర్వాత్తర్వాత ఆవిడని ఎక్కువ బాధపెట్టింది అత్తగారి మాటలు కావు, ఈ 'వద్దులెండి'.

ఆఫీసులోనూ అదే చెవి, అదే గొంతు. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు తీయడం ఆవిడ ఉద్యోగం. పైపులు పగిలినవాళ్ళు, మురికినీళ్ళు వచ్చినవాళ్ళు, నీళ్ళే రానివాళ్ళు, అందరి తిట్లూ ఆ చెవిలోంచే. ప్రమోషన్ అడిగితే పై అధికారి నవ్వి, "మీరు ఆ కుర్చీలోంచి లేస్తే జనాన్ని ఎవరు బుజ్జగిస్తారమ్మా, ఆ ఓపిక మగవాళ్ళకి ఎక్కడిది" అన్నాడు. తర్వాత ఆ ఓపిక లేని మగవాళ్ళు ఒక్కొక్కరే ఆవిడ పై అధికారులయ్యారు.

అత్తగారు పోయారు. కూతురు కాలేజీకి వచ్చింది. మేడ మెట్లు మాత్రం తీరిక దొరికాక కూడా ఆవిడ ఎక్కలేదు. ఇన్నాళ్ళూ ఏమైపోయావని మిషనమ్మ అడిగితే ఏం చెప్పాలి? సిగ్గేసేది. ఆ సిగ్గులోనే ఇంకొన్నేళ్ళు గడిచిపోయాయి.

ఆ సాయంత్రం మేడంతా మనుషులే. ఆయన కొత్త చొక్కా వేసుకుని, చేత్తో పట్టుకునే యాంటెన్నాని ఆకాశం వైపు ఎత్తి నిలబడ్డాడు. కూతురు ఫోనులో వాళ్ళ నాన్నని వీడియో తీస్తోంది. ఎండ ఇంకా ఎత్తుమేడల పైఅంచుల్ని వదల్లేదు. టీ కప్పుల ట్రే పట్టుకుని ఆవిడ మెట్ల మీదికి వచ్చేసరికి డబ్బా తేలింది. సెట్టులో హోరు పల్చబడి గొంతులు మొదలయ్యాయి. కిందికి దిగిపోయింది గనక మునుపటికన్నా తొందరగా పరిగెడుతోంది. ఉన్న కాస్త సమయంలోనే ఎక్కడెక్కడివాళ్ళో ఒకరిమీద ఒకరు పడి వీడ్కోళ్ళు చెబుతున్నారు. ఆయన కాగితం తీసి, డబ్బా కోసం పాటుపడిన వాళ్ళందరి పేర్లూ చదవడం మొదలుపెట్టాడు. ఉపకారం చేసిన పెద్దల పేర్లు, పాత అధ్యక్షుల పేర్లు.

ఆ పేర్ల మధ్యలోంచి సన్నగా ఒక కూత. గీత, చుక్క, గీత, గీత. కాస్త ఆగి, చుక్క, గీత, చుక్క, చుక్క. మళ్ళీ అదే. ఆగి ఆగి, ఒక్కసారిగా పరుగెత్తి.

"ఎవరో అడ్డం కొడుతున్నారు," అన్నాడు కార్యదర్శి.

"కానీలెండి, నేను పూర్తిచేసేస్తా," అని ఆయన గొంతు పెంచాడు.

మేడమీద ఉన్న వాళ్ళలో మోర్స్ వినగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నా ఇన్నేళ్ళకి మర్చిపోయారు. ఆవిడకి మాత్రం ఎవరో చెవిలో నోరు పెట్టి పిలిచినట్టుంది. వైఎల్. వైఎల్. వైఎల్ ఉందా. ఆవిడ మెట్లమీదే ఆగిపోయింది. మైకు నాలుగడుగుల దూరంలో ఉంది. మాట్లాడటానికి లైసెన్సు లేదు సరే, ఆయన పక్కనే ఉన్నాడు, ఆయన పేరుమీద ఒక్క మాట అనొచ్చు, అందులో తప్పులేదు. కీ కూడా అక్కడే ఉంది, అలంకారంగా బల్లమీద పెట్టారు. ముందు ఈ ట్రే ఎక్కడైనా పెట్టాలి అనుకుంది. పిట్టగోడ మీద పెడితే పడిపోతుందేమో. ఆ కుర్చీలో పెడదామంటే ఎవరో పెద్దాయన కూర్చోబోతున్నాడు. ఎవరి చేతికైనా ఇద్దామంటే అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. ఆమె వేడి కప్పులు ఒలకకుండా, ఎవరికీ తగలకుండా, జాగ్రత్తగా, పద్ధతిగా పెరిగిన ఆడపిల్లలా చోటు వెతికింది. చోటు దొరికేసరికి కూత హోరులో కలిసిపోయింది. డబ్బా మునిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వచ్చి, టీ చల్లారిపోతోందమ్మా అన్నారు.

వచ్చినవాళ్ళు వెళ్ళగానే ఆవిడ వంటింట్లోంచి అడిగింది, మధ్యలో కీ కొట్టింది ఎవరో తెలుసా అని. ఆయన తెలీదన్నాడు. మిషనమ్మ అని చెప్పింది.

"ఆవిడింకా ఉందా?" అన్నాడు ఆయన నిజంగానే ఆశ్చర్యపడి. "మధ్యలో చాలాకాలం నీ గురించి అడిగేది."

"ఏమని?"

"ఏముంది, అమ్మాయి ఉందా అని. వంటలో ఉందని చెప్పేవాణ్ని. అస్తమానూ అదే అడుగుతుంటే, చివరికి ఆసక్తి పోయిందండీ అన్నాను. అప్పటినుంచి మానేసింది."

"నాకు చెప్పలేదే."

"చెబితే మాత్రం వచ్చేదానివా? అమ్మ అలా ఉంది, పిల్ల చిన్నది." ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం నొచ్చుకున్నట్టుంది అంతే. "అబద్ధం ఏమైనా చెప్పానా?"

ఆవిడ తోమిన గిన్నె బోర్లించింది. అబద్ధమైతే పోట్లాడొచ్చు. వంటలో ఉన్నమాట నిజమే. ఆసక్తి ఉందని తను మాత్రం ఎవరికి చెప్పింది? అన్నాళ్ళు ఒక మనిషి పిలుస్తూ ఉంది, అన్నాళ్ళూ తన తరఫున ఇంకొకరు మర్యాదగా జవాబు చెబుతూ ఉన్నారు. తన గొంతుకి ఏ లోపమూ లేదు. మెట్లెక్కాల్సింది, అంతే. కూతురు గుమ్మంలో నిలబడి అంతా వింది. "నీకు మోర్స్ వచ్చా అమ్మా?" అంది. వచ్చు అంది. "డబ్బా యాంటెన్నాలు నేనే కోశాను, నువ్వు నా ఒళ్ళో ఉన్నావు" అంది. పిల్ల ఏదో తప్పు చేసినదానిలా తల్లి మొహంలోకి చూసింది. చెప్పనిది తల్లి. గొప్పలు చెప్పుకోవడం బాగుండదని చెప్పలేదు. ఆ బాగుండకపోవడం వల్ల కూతురికి తల్లి అంటే టీ, టిఫిను, ఉతికి మడతపెట్టిన బట్టలుగానే తెలుసు.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శికి ఫోను చేసి, గాలిలో మిషనమ్మ పేరుకి బదులు వాడే లైసెన్సు అక్షరాలు చెప్పి, జాబితాలో వెతికించి ఆవిడ ఇల్లెక్కడో కనుక్కుంది. కూతురితో చెప్పి బస్సెక్కింది. ఆయన అప్పటికి నిద్ర లేవలేదు.

మిషనమ్మ ఇల్లు ఇరుకు సందులో ఉంది. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర ఒక పడుచుపిల్ల కాలర్లు కుడుతోంది. విషయం వినగానే గొంతు తగ్గించాల్సిన పనిలేదన్నట్టు మామూలుగానే చెప్పింది, "ఆవిడకి చెవులు పూర్తిగా పోయాయండీ. రేడియో పెట్టుకుని దాని స్పీకరు మీద అరచెయ్యి వేసుకు కూర్చుంటుంది. గొంతులైతే తెలీవట, టక్కు టక్కులు మాత్రం చేతికి తెలుస్తాయంటుంది. నిన్నంతా అలాగే కూర్చుంది."

లోపలి గదిలో కిటికీ పక్కన ఒక చిన్న ముసలామె. ఊహించుకున్నదానికన్నా చాలా చిన్నది. ఎవరో బట్టలు కుట్టించుకోడానికి వచ్చారనుకుని మర్యాదగా నవ్వింది. ఆవిడ ఎదురుగా కూర్చుని నోరు తెరిచింది. ఆ గొంతు ఇక మిషనమ్మకి ఎప్పటికీ వినపడదు. వినపడే రోజులన్నీ కుక్కరు ముందు అయిపోయాయి. నోరు మూసుకుని, ముసలామె చెయ్యి తీసుకుని, మణికట్టు మీద వేలితో కొట్టింది. తన పాత లైసెన్సు అక్షరాలు. వేళ్ళు మొద్దుబారిపోయి రెండుసార్లు తప్పాయి. మూడోసారికి సరిగ్గా వచ్చాయి.

మిషనమ్మ ఆవిడ మొహాన్ని రెండు చేతులతో, కొలత తీసుకుంటున్నట్టు తడిమింది.

"వంట అయిందా పిల్లా?" అంది.

ఎత్తిపొడుపు లేదు అందులో. మిషనమ్మకి తెలిసిన కబురు అదొక్కటే, అదే అడిగింది. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. ఈసారి ఉల్లిపాయలు లేవు. నిన్న విన్నాను, చేతిలో ట్రే ఉంది అని మణికట్టు మీద కొట్టింది. కొట్టడం పూర్తయ్యాక ఆ మాట ఎంత చిన్నదో వేళ్ళకి తెలిసింది.

"కింద పెట్టాల్సింది," అంది మిషనమ్మ. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "నేనూ బస్సెక్కి రావాల్సింది. ఆసక్తి పోయిందని అన్నాడు మీ ఆయన. నువ్వు అనలేదుగా. ఆ తేడా నాకు తెలిసుండాల్సింది" అంది.

మధ్యాహ్నమంతా అలా గడిచింది. ఒకరు నోటితో, ఒకరు వేలితో. చెప్పుకోవాల్సినవి ఎన్నో ఏళ్ళవి, వేలితో కొడితే వాక్యానికి వాక్యం పట్టేంత నెమ్మది. మళ్ళీ పరీక్ష రాయి అంది మిషనమ్మ. రాస్తాను అంది ఆవిడ. పాత అక్షరాలే ఇస్తారా అని మిషనమ్మ అడిగితే, ఇవ్వరు, ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసుంటారు అంది. పోనీలే అనుకున్నారు ఇద్దరూ, అనుకోగలిగినంత.

పొద్దు వాలుతుండగా ఆయన ఫోను చేశాడు. డబ్బా పడిపోయిందట, ఏదో సముద్రం మీద కాలిపోయిందని కబురొచ్చింది అని చెప్పాడు. ఆయన గొంతు నిజంగానే దిగులుగా ఉంది. ఆవిడకి తన యాంటెన్నా రేకులు గుర్తొచ్చాయి. భోజనాల బల్ల మీద తను రాకిన ఉక్కు టేపు అంచులు అన్నిటికన్నా ముందు కరిగి ఉంటాయి. ఎప్పుడొస్తున్నావని అడిగాడు. కొన్నాళ్ళు ఉంటానంది.

"మీ ఆఫీసువాళ్ళు ఫోన్ చేశారు, ఎందుకు రాలేదని. ఒంట్లో బాలేదని చెప్పేశాలే," అన్నాడు, ఒక పని చక్కబెట్టినవాడిలా.

ఆవిడ మిషనమ్మ మణికట్టు మీంచి వేలు తియ్యలేదు.

"ఇకమీదట ఎవరైనా నా గురించి అడిగితే మీరు జవాబు చెప్పకండి," అంది. "నన్నే అడగమనండి."